లింగప్ప గుండెలో మందకుక్క

లింగప్ప చేతిలో ఉన్న టోకెను నాలుగో నంబరు. లోపలికి పిలిచింది మాత్రం ముప్పై ఒకటో నంబరు పోయిన తర్వాత.

పెనుకొండలో బస్టాండుకు కాస్త ఎడంగా ఉన్న ఆ ప్రైవేటు క్లినిక్కుకు అతను ఏడున్నరకే వచ్చాడు. గుమ్మం దగ్గర టోకెన్లు ఇచ్చే మనిషి అతని భుజం మీది కంబళి చూశాడు, ముక్కు కొంచెం పక్కకు తిప్పుకున్నాడు, బయట మెట్ల మీద కూచో, పిలుస్తాం అన్నాడు. లోపల ఆరు కుర్చీలు, వాటిలో మూడు ఖాళీ. లింగప్ప మెట్ల మీదే కూచున్నాడు. తన తర్వాత వచ్చినవాళ్ళు లోపలికి పోయి, మందులచీటీతో బయటికి వచ్చి, అతన్ని దాటుకొని దిగిపోతుంటే, దారి ఇవ్వడానికి ప్రతిసారీ మోకాళ్ళు దగ్గరికి ముడుచుకున్నాడు. వారం దినాల జ్వరం విడిచాక ఎదలో రాయి పెట్టినట్టు బరువు, నాలుగడుగులు వేస్తే ఆయాసం ఉన్న మనిషికి, అట్లా ముడుచుకోవడం కూడా ఒక పనే.

కోపం రాలేదా అని తర్వాత చాలామంది అడిగారు. లింగప్ప జవాబు ఒకటే.

"యాల వస్తాదప్పా? ముప్పై ఏండ్లుగా గొర్ల మధ్యనే పండుకుంటాండా. నా వాసన నాకే పడదు. గాలి ఎదురొస్తే నేనే రొంత పక్కకు జరుగుతా."

చివరికి పిలిచినప్పుడు కూడా డాక్టరు అతన్ని తలుపు దగ్గరే నిలబెట్టి మాట్లాడాడు. స్టెతస్కోపు మెడలో ఉన్నది ఉన్నట్టే ఉండిపోయింది. ఏం తిన్నావు, కారం ఎక్కువ తింటావా, సారాయి తాగుతావా అని మూడు ప్రశ్నలు. గది మూలలో బల్ల మీద ఏదో మిషను, దాని మీద పూలగుడ్డ కప్పి ఉంది. లింగప్ప దాన్ని కుట్టుమిషను అనుకున్నాడు. డాక్టరు భార్య తీరిక వేళ జాకెట్లు కుడుతుందేమో, కష్టపడే కుటుంబం అని మనసులోనే మెచ్చుకున్నాడు. డాక్టరు చీటీ మీద నాలుగు రకాల బిళ్ళలు రాసి, గ్యాస్ అని చెప్పి, తర్వాతి మనిషి కోసం గంట కొట్టాడు.

గ్యాస్ అన్న మాటను లింగప్ప సంతోషంగా నమ్మాడు. గ్యాస్ మర్యాదగల జబ్బు. అది ఉన్నవాడు పనికి పోవచ్చు, ముద్ద తినొచ్చు, పక్కవాడితో నవ్వుతూ చెప్పుకోవచ్చు. గుండెజబ్బు అలాంటిది కాదు. అది ఫ్యాను కింద కూచొని జీతం తీసుకునేవాళ్ళకు వచ్చేది. గొర్లకాపరికి గుండెజబ్బు అంటే ఉత్త దర్జా అని అతని గట్టి అభిప్రాయం.

ఇక్కడ లింగప్ప గురించి ఒక మాట చెప్పుకోవాలి. పెనుకొండ కొండ వెనక పల్లెల్లో గొర్రెకు జబ్బు చేస్తే ముందు పిలిచేది అతన్నే. గొర్రెను పట్టుకోనక్కర్లేదు, నడుస్తుంటే చూస్తే చాలు. చెవి వాలింది, కడుపు ఎగరేస్తోంది, గిట్ట నొస్తోంది అని దూరం నుంచే చెప్పేస్తాడు. అతని వైద్యంలో మొదటి సూత్రం, తండ్రి నేర్పింది, ఒక్కటే: మందలో వెనకబడిన గొర్రెను పొద్దు వాలకముందే పట్టుకొని చూడాలి. రేపు చూద్దామనుకుంటే రేపటికి అది ఉండదు. ఈ సూత్రాన్ని అయిదూళ్ళ కాపర్లకు బోధించిన ఈ మహా వైద్యుడు, తను పది దినాలుగా సొంత మందకు ఫర్లాంగు దూరం వెనక నడుస్తున్నాడన్న సంగతి మాత్రం గమనించలేదు. వెనకాల నడిచేవాడికి తను వెనకబడ్డానని ఎలా తెలుస్తుంది అని ఇప్పుడు తన తరఫున తనే వాదించుకుంటాడు.

బిళ్ళలు అయిపోయాయి. బరువు దిగలేదు. మళ్ళీ పెనుకొండ పోయాడు. అవే మెట్లు, అదే పూలగుడ్డ, అదే గ్యాస్.

అప్పటికి బత్తలపల్లి దగ్గర లక్ష్మీనారాయణ అనే రైతుకు ఇచ్చిన మాట గడువు ముంచుకొచ్చింది. వానలకు ముందు పొలంలో గొర్రెల మందను కొన్నాళ్ళు నిలబెట్టి, వాటి పెంటతో నేలకు బలం పట్టించడం ఆ ప్రాంతంలో పాత పద్ధతి. లింగప్ప మంద ప్రతి వేసవిలో ఆ పొలానికి పోవలసిందే. పెనుకొండ నుంచి ధర్మవరం మీదుగా మూడు దినాల నడక. ఎండ మాత్రం ఎవరికీ మాట ఇవ్వకుండానే ముందుగా వచ్చి కూచుంది.

అప్పుడు లింగప్ప తన జీవితంలోకెల్లా గొప్ప వైద్యం చేశాడు.

మందకు వాడే మందులన్నీ అతని దగ్గర ఒక రేకుపెట్టెలో ఉంటాయి. అందులోంచి కాళ్ళు పట్టేసిన గొర్రెకు వేసే నొప్పిసూది సీసా తీశాడు. భార్య ఉలిగమ్మ దొడ్డి ఊడుస్తున్నది ఆగి చూసింది.

"ఎవురికయ్యా అది?"

"పెద్ద పొట్టేలుకి. కాలీడుస్తాంది."

ఉలిగమ్మ పెద్ద పొట్టేలు వైపు చూసింది. అది నాలుగు కాళ్ళ మీదా నిటారుగా నిలబడి నెమరు వేస్తోంది. ఆమె చీపురు చేతిలో పట్టుకొని అక్కడే నిలబడింది. లింగప్ప సీసా మీద బరువును బట్టి రాసిన మోతాదు చదువుకున్నాడు. తను రెండు పొట్టేళ్ళ బరువు ఉంటాడని లెక్క వేశాడు. జ్వరంలో తగ్గాను కదా అని మళ్ళీ ఒకటిన్నర పొట్టేలుకు దించాడు. తన జాగ్రత్తకు తనే తల ఊపి, పంచె పక్కకు తీసి, తొడలో పొడుచుకున్నాడు.

"అరవాలనిపిస్తే గొర్రె మాదిరే అరువు" అంది ఉలిగమ్మ. "మనిషి మాదిరి అరిస్తే మందు పని చెయ్యదు."

ఆ సాయంత్రానికి ఎదలో నొప్పి తగ్గింది. లింగప్ప ఛాతీ విరుచుకొని తిరిగాడు. నొప్పి అణిగింది తప్ప లోపలి జబ్బు ఎక్కడికీ పోలేదని అతనికి తెలియదు. మరుసటి దినం తెల్లారుతూనే మంద కదిలింది.

మొదటి రోజు గడిచింది. రెండో రోజు ధర్మవరం ఇంకా కొంచెం దూరం ఉందనగా, పది గంటల ఎండలో, లింగప్పకు రోడ్డు పక్క కంకర కుప్ప మీద కూచోవాలనిపించింది. కూచున్నాడు. ఉలిగమ్మ ముందు నడుస్తుంటే మంద సాగిపోతోంది. అప్పుడు మందలోంచి కరియ విడివడి వెనక్కి వచ్చింది.

కరియ అతని మందకుక్క. కళ్ళు తెరవని పిల్లగా ఉన్నప్పుడు తెచ్చి గొర్రెపిల్లల మధ్య వదిలితే, వాటితోపాటే పెరిగింది. వెనకబడిన జీవం కోసం వెనక్కి రావడం దాని ఉద్యోగం. ఎనిమిదేండ్లలో కుంటి గొర్రెల కోసం వచ్చింది, ఈనడానికి ఆగిపోయిన గొర్రెల కోసం వచ్చింది. మనిషి కోసం రావడం అదే మొదలు. నేను కాదు, మందను చూసుకో పో అని లింగప్ప చెయ్యి ఊపాడు. అది కదలలేదు. అతని ముందు కూచొని, మంద వైపు తల తిప్పి ఒకసారి మొరిగింది. ఉలిగమ్మ తిరిగి చూసింది.

"నా జబ్బు కనుక్కున్న మొదటి డాక్టరు అదే" అని లింగప్ప ఇప్పటికీ చెప్తాడు. "టోకెను కూడా అడగల్యా."

మంద ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోవడానికి లక్ష్మీనారాయణ అదే వేళకు మోటారుసైకిలు మీద ఎదురొచ్చాడు. ఆయన వచ్చింది పొలం కోసం. కానీ కంకర కుప్ప మీద లింగప్ప ముఖం బూడిదరంగులో ఉండడం చూసి, పొలం మాట ఎత్తకుండా వెనక ఎక్కించుకొని ధర్మవరం సర్కారు ఆసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడ మంచం మీద పడుకోబెట్టి చొక్కా తీయమన్నారు. ఒక నర్సమ్మ చక్రాల బల్ల తోసుకొచ్చి, దాని మీద మిషను పెట్టి, అతని ఎద మీదా చేతులకూ తీగలు తగిలించింది. లింగప్ప ఆ మిషనును చూశాడు. అదే ఆకారం, అదే ఎత్తు. పూలగుడ్డ ఒక్కటే లేదు.

"ఇది కుట్టుమిషను కదమ్మా" అన్నాడు.

జ్వరం తలకెక్కిందనుకొని నర్సమ్మ అతని నుదురు ముట్టి చూసింది. మిషను కాగితం మీద గీతలు గీసింది. మొత్తం అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ గీతలు చూసి అక్కడి డాక్టరు ఎవరికో ఫోను చేశాడు. సాయంత్రానికి లింగప్ప అంబులెన్సులో హిందూపురంలో ఉన్నాడు, గుండె చూసే ఆసుపత్రిలో.

అక్కడి డాక్టరు తనూజ. వయసు ముప్పై దాటి ఉంటుంది. సొంత ఊరు నల్లచెరువు, ఇంట్లోవాళ్ళు వేరుశనగ రైతులు. ఎద మీద జిగురు పూసి తెర మీద గుండెను చూపించింది. లింగప్ప పండగలకు ఎన్నో గొర్రెల గుండెకాయలు చేత్తో పట్టుకున్నవాడు. తనది కూడా అట్లాగే ఉంది, కాకపోతే కొంచెం పెద్దది, కొంచెం సోమరిది. నిండిన రక్తంలో పది పాళ్ళకు ఆరు పాళ్ళు బయటికి తోయాల్సిన గుండె మూడు పాళ్ళే తోస్తోందని తనూజ చెప్పింది. జ్వరం తెచ్చిన వైరస్సు గుండె కండలోకి దిగిందనీ, అక్కడ వాపు వచ్చిందనీ చెప్పింది. లింగప్ప ముఖంలో ఏమీ కనిపించలేదు. అర్థం కాలేదని ఆమెకు అర్థమైంది.

"సూడు లింగప్పన్నా. మన ఒంట్లో దొంగల్ని పట్టే పోలీసుల మాదిరి కణాలుంటాయి. వైరస్సు వస్తే అవి..."

"పోలీసులా మేడం?" లింగప్ప దిగులుగా అడిగాడు. "అయితే నా పని అయిపోయినట్లే. పోయినేడు పొట్టేలు పోయిందని చెప్పుకునేకి పోతే, పొద్దంతా నన్నే కూచోబెట్టినారు. దొంగ వాళ్ళకు కనపడల్యా, నేను కనపడినా."

తనూజ నవ్వు ఆపుకోలేకపోయింది. "మరి ఎవురని చెప్పల్ల?"

"కుక్కలని చెప్పు మేడం. అర్థమైతాది."

అని, అడగకుండానే తలుపుల అనే ఊరి వైపు మందను తోలినప్పటి సంగతి చెప్పుకొచ్చాడు. రెండేండ్ల కిందట అక్కడ మిట్టమధ్యాహ్నం మంద మీద తోడేలు పడింది. కరియ దానికి అడ్డం పోయింది. లింగప్ప అక్కడితో నోరు మూసుకొని ఉంటే సరిపోయేది. కానీ అతను గొంతు చించుకొని అరిచాడు. ఆ అరుపుకు పక్క ఊరి కుక్కలు ఇరవై దాకా పరిగెత్తుకొచ్చాయి. వచ్చింది సాయానికే. తోడేలును తరిమింది కూడా అవే. కానీ ఆవేశం వచ్చిన ఊరకుక్కకు తోడేలేదో గొర్రెపిల్లేదో తెలియదు. తోడేలు పట్టుకుపోయింది ఒక్క పిల్లను. ఊరకుక్కలు కొరికింది తొమ్మిదింటిని. చివరికి కరియ తోడేలును వదిలేసి, గొర్రెపిల్లలకూ ఊరకుక్కలకూ మధ్య నిలబడి, వాటిని ఆపవలసి వచ్చింది. అది లేకుంటే తొమ్మిది కాదు, మందే పోయేది.

 తనూజ కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"అచ్చం అదే అన్నా. నువ్వు చెప్పినదే నీ గుండెలో జరుగుతాండేది."

వైరస్సు తోడేలు. గుండెలోనే ఉండే కావలి కణాలు కొన్ని ఉంటాయి. మనం తల్లి కడుపులో ఉన్నప్పుడే అవి గుండెలోకి చేరి అక్కడే స్థిరపడతాయి, గుండెతోపాటే పెరుగుతాయి. వాటికి గుండె కండ అంటే ఏమిటో తెలుసు. వైరస్సు పట్టి చచ్చిన కణాలను తినేసి చోటు శుభ్రం చేస్తాయి, వాపును హద్దులో పెడతాయి. అవి మందకుక్కలు. వైరస్సు గోల మొదలవగానే రక్తంలోంచి వేరే కణాలు గుంపులుగా వస్తాయి. వాటి సాయం లేకుండా వైరస్సు చావదు. కానీ వచ్చిన ఊపులో అవి మంచి కండను కూడా కొరుకుతాయి. చాలామందిలో గుండెకు జరిగే నష్టంలో పెద్ద భాగం ఆ కొరుకుడుదే.

"మరి పని అయినాక ఊరకుక్కలు పోవా?" లింగప్ప అడిగాడు.

"ఈల వేసి పిలిచేవాడుంటే పోతాయి. ఇంకొక రకం కణాలు ఉండాయి. ఇంక చాలు, వెనక్కి రాండి అని ఈల వేసేది వాటి పని. అవి ఈల వేస్తాయి, మందకుక్క మధ్యలో నిలబడతాది. అట్ల శానామందికి గుండె మళ్ళీ కుదురుకుంటాది. కొందరికి కుదురుకోదు."

ఇవన్నీ ఎట్లా కనిపెట్టారని అతను అడిగాడు. ఎక్కువగా ఎలుకల మీద చూసి తెలుసుకున్నదేనని, మనుషుల్లో ఇంకా పరిశోధన సాగుతోందని, తెలియనిది చాలా ఉందని ఆమె దాపరికం లేకుండా చెప్పింది. ఎలుకకు గుండె ఉందనే తనకు ఇంతకాలం తెలియదని, అది కూడా తనకంటే ముందు పెద్ద డాక్టర్లకు చూపించుకుందని లింగప్ప బాధపడ్డాడు.

తనూజ నవ్వలేదు ఈసారి. "ఒక మాట చెప్పు. దొడ్డిలో తోడేలూ కుక్కలూ కొట్లాడుతాంటే నువ్వు మందను తోలుతావా?"

"ఎవుడన్నా తోలుతాడా మేడం? తొక్కులాటలోనే సగం చస్తాయి. కొట్లాట సద్దుమణిగేదాకా కదలనీకూడదు."

"మరి నువ్వేం చేసినావు?"

లింగప్ప చూపు తన ఎద మీదికి దిగింది. గుండెలో ఇరవై కుక్కలు కొట్లాడుతుంటే, దాన్ని భుజాన వేసుకొని ఎండలో ధర్మవరం దాకా తోలుకొచ్చాడు. ఏ కాపరీ ఏ గొర్రెకూ చేయని పని. అంతటితో అయిపోయేదేమో, కానీ మందను దారిలో తెలిసినవాళ్ళకు అప్పజెప్పి వచ్చి మంచం పక్కన నిలబడ్డ ఉలిగమ్మ, ఇంకొక సంగతి కూడా ఉండాది మేడం, అని ఒకటిన్నర పొట్టేలు లెక్క మొత్తం చెప్పేసింది. తనూజ తల పట్టుకుంది. మనుషులకిచ్చే నొప్పిమందులే కొన్ని ఈ జబ్బులో కీడు చేస్తాయనీ, గొర్రెల సూది వేసుకొని ఇక్కడిదాకా రావడం అతని అదృష్టమనీ గట్టిగానే తిట్టింది. ఇక కనీసం ఆరు నెలలు మంద వెంట నడవకూడదు, బరువు ఎత్తకూడదు, పరిగెత్తకూడదు. బిళ్ళలు ఒక్క పూట తప్పకూడదు. తప్పితే, నడిస్తే, ఏదో ఒక దినం నడుస్తూ నడుస్తూ గుండె లయ తప్పి అక్కడే పడిపోవచ్చు.

లింగప్పకు ఆ మాట అంతా వినపడింది కానీ బాధపెట్టింది ఒక్కటే. మంద నడవకుంటే మంద చస్తుంది. తను నడిస్తే తను చస్తాడు. అతనికి తెలిసిన పని నడవడం ఒక్కటే. కూచోవడం నేర్పిన తండ్రి ఎవడూ ఆ ఇంట్లో లేడు.

దారి చూపింది ఉలిగమ్మ. మందను తను తోలుతానంది. లింగప్ప చిన్నాన్న కొడుకు కుళ్లాయప్ప తన గొర్రెలను కూడా అందులోనే కలిపి తోడు నడుస్తానన్నాడు. లక్ష్మీనారాయణ పొలంలో మంద నిలవాల్సిన దినాలు నిలిచింది. తను లేకుంటే గొర్రెలు మేత ముట్టవని లింగప్ప లోలోపల ఆశపడ్డాడు. అవి అంతకు ముందుకంటే బాగా మేశాయి. ఈనిన గొర్రెలు కూడా ఆ ఏడు ఎక్కువే. ఆ సంగతి ఉలిగమ్మ ఫోనులో చెప్పినప్పుడు సంతోషమే అన్నాడు గానీ, ఆ పూట ముద్ద సగమే తిన్నాడు.

ఇంట్లో అతనికి అప్పజెప్పిన పని మూడు కుంటి గొర్రెపిల్లలకు కాపలా. నాలుగు కుంటి జీవాలు ఒకచోట ఉన్నాయని ఊరంతా అనేది. రెండో నెలలో ఒక పొద్దున, ఒంట్లో బాగుందనిపించి, కట్టె తీసుకొని మంద ఉన్న చోటికి దొంగతనంగా బయల్దేరాడు. ఊరి చివర కల్వర్టు దాకా పోయాడు. అక్కడ ఊపిరి అందక గోడ మీద కూచుండిపోయాడు. నీళ్ళకు వచ్చిన ఆడవాళ్ళు చూసి, ఏమప్పా లింగప్పా, బస్సు కోసమా అని అడిగారు. అవునన్నాడు. ఆ రోడ్డుకు బస్సు లేదు.

సాయంత్రానికి కబురు ఉలిగమ్మకు చేరింది. ఆమె మందను కుళ్లాయప్పకు అప్పజెప్పి, నడిచి ఇంటికి వచ్చింది. తిట్టలేదు. ఎదురుగా కూచుంది.

"గుండెలో కుక్క కావలి కాస్తాందని ఆయమ్మ చెప్పినప్పుడు నువ్వు ఊఁ కొట్టినావు. దానిపాటికి దాన్ని కాయనీ. కరియకు ఎప్పుడన్నా అడ్డం పోయినావా నువ్వు? ముప్పై ఏండ్లు గొర్లు నీ మాట ఇన్యాయి. ఆర్నెల్లు నువ్వు నా మాట ఇను. నాకు మంద ఎంతో, నువ్వూ అంతే. నువ్వు పోతే కరియ వెనక్కి పోయి ఎవుర్ని పిలుచుకొస్తాది?"

 ఆ తర్వాత లింగప్ప కల్వర్టు దాటలేదు. కుంటి పిల్లలు మూడూ నయమై మందలో కలిసిపోయాయి. నాలుగోది మిగిలింది.

ఆరు నెలలు నిండాక హిందూపురం పోయాడు. తనూజ మళ్ళీ జిగురు పూసి తెర చూసింది. చాలాసేపు చూసింది. ఉలిగమ్మ చీర చెంగు నలుపుతూ నిలబడింది. మూడు పాళ్ళు తోసిన గుండె ఇప్పుడు అయిదు పాళ్ళకు పైనే తోస్తోంది. మందకుక్క తన పని తను చేసిందని తనూజ చెప్పింది. ఇంకా ఒకటి రెండు పరీక్షలు చేసి, మెల్లగా, చదును నేల మీద, పరిగెత్తకుండా మంద వెంట నడవచ్చంది. బిళ్ళలు మాత్రం మానకూడదు, మళ్ళీ మూడు నెలలకు రావాలి. లింగప్పకు ఏడుపు వచ్చింది. ఏడిస్తే గుండెకు ఏమన్నా అవుతుందా అని అడిగి, ఏమీ కాదని తెలుసుకున్నాక ఏడ్చాడు.

తిరుగు ప్రయాణంలో బస్సు పెనుకొండలో ఆగింది. కిటికీలోంచి చూస్తే ఆ క్లినిక్కు మెట్లు కనపడ్డాయి. మెట్ల మీద, మోకాళ్ళు దగ్గరికి ముడుచుకొని, కుళ్లాయప్ప కూచొని ఉన్నాడు.

బస్సు దిగి, దొడ్డిలో ఉంచి వచ్చిన మంద దగ్గరికి ఉలిగమ్మను పంపి, లింగప్ప మెట్ల దగ్గరికి వచ్చాడు. కుళ్లాయప్పకు మూడు దినాల కిందట జ్వరం వచ్చి పోయిందట, ఎదలో బరువట. చేతిలో టోకెను ఆరో నంబరు. లోపల ఇరవై రెండో నంబరు నడుస్తోంది. బయట కూచోమన్నారు, ఫరవాలేదులే అన్నాడు కుళ్లాయప్ప, తన కంబళి వాసన చూసుకుంటూ.

తన కోసం నోరు తెరవని లింగప్పకు ఇప్పుడు నోరు ఎట్లా వచ్చిందో అతనికే తెలియదు.  కుళ్లాయప్ప చెయ్యి పట్టుకొని తిన్నగా లోపలికి నడిచాడు. టోకెన్ల మనిషి అడ్డం వచ్చాడు. లింగప్ప ఆరో నంబరు టోకెను అతని కళ్ళముందు పెట్టి, ఆరు ముందొస్తాదా ఇరవై రెండు ముందొస్తాదా, నాకు చదువు తక్కువ, నువ్వే చెప్పప్పా అన్నాడు. లోపల కూచున్నవాళ్ళలో ఎవరో నవ్వారు. నవ్వినామె, ఇరవై నాలుగో నంబరు చేతిలో ఉన్న ఒక పెద్దామె, లేచి కుళ్లాయప్పకు కుర్చీ ఇచ్చింది.

డాక్టరు ముందు లింగప్ప గొంతు బాగా తగ్గిపోయింది.

"సార్, ఆ మూలనుండే దానిమీద గుడ్డ రొంత తియ్యండి. అది కుట్టుమిషను కాదని నాకు ఇప్పుడు తెలుసు. తీసి చూసి, గ్యాస్ అని చెప్పండి. అప్పుడు మేము నమ్ముతాం."

డాక్టరు అతన్ని గుర్తుపట్టలేదు. గుర్తుపట్టడానికి అంతకు ముందు చూసి ఉంటే కదా. హిందూపురం ఆసుపత్రి కాగితాలు బల్ల మీద పెట్టాక చదివాడు. మొదటి పేజీలోనే మొదటిసారి ఎక్కడ చూపించారో, ఏమని చెప్పారో రాసి ఉంది. కాసేపటికి లేచి తనే పూలగుడ్డ తీశాడు. దుమ్ము లేచింది. కుళ్లాయప్పను పడుకోబెట్టి తీగలు తగిలించాడు, స్టెతస్కోపు మెడలోంచి తీసి ఎద మీద పెట్టాడు, రక్తం కూడా పరీక్షకు పంపించాడు.

గీతలు సక్రమంగా ఉన్నాయి. రక్తంలోనూ గుండె దెబ్బతిన్న గుర్తు ఏదీ లేదు. ముందు దినం రెండు పెండ్లిళ్ళలో రెండు పూటలా పొట్టేలు కూర తిన్నానని కుళ్లాయప్ప అప్పుడు ఒప్పుకున్నాడు.

అతనికి నిజంగానే గ్యాస్.

ఊళ్ళో ఇప్పటికీ ఆ కథ చెప్పుకొని నవ్వుతారు. పెనుకొండకు పోయి పోట్లాడి గ్యాస్ కనుక్కొని వచ్చిన లింగప్ప అంటారు. అందరికంటే ముందు నవ్వేది లింగప్పే. కుళ్లాయప్ప పొట్టలో గాలి కోసం తను గుండె చేతిలో పెట్టుకొని పోయానని చెప్తాడు. చివర్న మాత్రం ఒక మాట కలుపుతాడు. వెనకబడిన ప్రతి గొర్రెకూ జబ్బు ఉండదు, కొన్ని ముల్లు తీసుకోవడానికి ఆగుతాయి. అయినా పట్టుకొని చూడాల్సిందే. చూడకముందు ముల్లని తెలియదు కదా.

ఇప్పుడు అతను మళ్ళీ మంద వెంట నడుస్తున్నాడు. ముందు ఉలిగమ్మ, మధ్యలో గొర్రెలు, వెనక లింగప్ప. అందరికంటే వెనక కరియ. దానికి ఇంకా అతని మీద నమ్మకం కుదరలేదు.

ఇంతవరకు చదివిన మీరు లింగప్పను చూసి జాలిపడితే అతనికి నచ్చదు. చేయగలిగిన పని చేయండి. జ్వరం వచ్చి పోయాక మీ ఇంట్లో ఎవరికైనా ఎదలో బరువు, ఆయాసం, గుండె దడ ఉంటే పనికి పంపకండి. తెలిసిన బిళ్ళలూ సూదులూ వేయకండి. ఆసుపత్రికి తీసుకుపోయి ఈసీజీ తీయమని నోరు తెరిచి అడగండి. గీతలు బాగున్నా బాధ తగ్గకపోతే మళ్ళీ పోయి మళ్ళీ అడగండి. ఈ వారంలో ఒకసారి మీ ఊరికి దగ్గర్లోని సర్కారు ఆసుపత్రికి పోయి, ఈసీజీ మిషను ఉందా, దాని మీద గుడ్డ ఉందా, తీసేవాళ్ళు ఎవరు అని కనుక్కోండి. లేకపోతే నలుగురితో సంతకాలు పెట్టించి కాగితం ఇవ్వండి. ఇంకో చిన్న పని ఉంది. ఈసారి మీరు ఏ ఆసుపత్రిలోనైనా కుర్చీలో కూచున్నప్పుడు, బయట మెట్ల మీద కూచున్న మనిషి చేతిలో టోకెను నంబరు ఎంతో అడగండి. అది మీకంటే ముందుదైతే, లేచి లోపలికి పిలవండి.